కలిసి మోకరించినవాళ్లు



ఈ స్మారక ఉపన్యాసం ఏ అమ్మగారి జ్ఞాపకార్థం జరుగుతోందో, ఆమెను ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఎరుగుదురు. బైబిలు స్త్రీగా పల్లెలు తిరిగారు. ఆ పని నుంచి విశ్రాంతి తీసుకున్నాక శుక్రవారం ఉపవాస కూడికను ఓపిక ఉన్నంతకాలం నడిపారు. ఈ ఉపన్యాసానికి నిధి ఏర్పాటు చేసినప్పుడు ఆమె పిల్లలు పెట్టిన షరతు ఒక్కటే: అమ్మను పొగడవద్దు, అమ్మ చేసిన పని గురించి మాట్లాడించండి. ఆ షరతును గౌరవిస్తాను. ఆమె చేసిన పని, నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి ప్రార్థన చేయించడం. ఈ సాయంకాలం నేను మాట్లాడబోయేది దాని గురించే.

సంఘం కలిసి చేసే ప్రార్థనకు శక్తి ఉందని మనం పాడతాం, సాక్ష్యాలు చెబుతాం. అయితే ఆ శక్తి మొదట ఎవరిమీద పనిచేస్తుందో ఎక్కువగా ఆలోచించం. నాకు అర్థమైనంతలో అది మొదట పట్టుకునేది ప్రార్థన చేసినవాళ్లనే. నలుగురి ముందు దేవుణ్ని ఒక మాట అడిగినవాడు ఇక ఆ మాట నుంచి తప్పుకోలేడు. ఆ మాట నెరవేరే దారిలో అతను కూడా నడవవలసి వస్తుంది. దీనికి పరాయిదేశాల ఉదాహరణలు వెతకక్కరలేదు. ఒంగోలు దగ్గరే మొదలుపెడదాం.

1854 జనవరి 1, తెల్లవారుజాము. ఒంగోలు ఊరి పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. మిషనరీ లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య యుఫీమియా, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. నెల్లూరు నుంచి సువార్త యాత్రకు బయలుదేరి అక్కడిదాకా వచ్చారు. సువార్త మోసుకొచ్చేవారి పాదాల అందం గురించి యెషయా రాసిన మాటలు చదువుకున్నారు. ఐదుగురూ ఒకరి తరవాత ఒకరు ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని అడిగారు. పొద్దు పొడిచాక కొండ దిగారు. కొండ మీద జరిగింది అంతే. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

అప్పటి పరిస్థితి గుర్తుచేసుకుంటే ఆ ప్రార్థన బరువు తెలుస్తుంది. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశానికి వచ్చింది 1836లో. శామ్యూల్ డే దొరగారు విశాఖపట్నంలో దిగి, మద్రాసు వెళ్లి, 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. ఇన్నేళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. బర్మాలో మిషను వర్ధిల్లుతోంది, నెల్లూరు మాత్రం ఎండిపోయిన చెట్టులా నిలబడి ఉంది. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన మిషను సభలో దీన్ని మూసేద్దామనే మాట వచ్చింది. మిషను పటం మీద నెల్లూరు ఒంటరి చుక్కలా కనిపిస్తుందని ఒకరు అన్న మాటను పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఆ రాత్రే ఒక పద్యం రాశారు. ఆ పద్యం విన్నాక మూసేద్దామన్న ఆలోచన అప్పటికి ఆగింది. ఒంటరి నక్షత్ర మిషను అన్న పేరు అలా వచ్చింది. ఆ మరుసటి నూతన సంవత్సరం వేకువనే ఈ ఐదుగురు కొండెక్కారు.

మన పుల్పిట్ల మీద ఈ కథ చెప్పేటప్పుడు కొండ మీది ఐదుగురి నుంచి ఒక్క దూకు దూకి 1878 జూలై 3కు, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘట్టానికి వెళ్లిపోతాం. అది గొప్ప ఘట్టమే. అయినా నా మనసు ఆ రెంటి మధ్య ఉన్న 24 ఏళ్ల మీదే నిలుస్తుంది. ప్రార్థన పనిచేసింది ఆ 24 ఏళ్లలో.

కొండ దిగిన జూయెట్‌కు వెంటనే ఏ జవాబూ రాలేదు. 1862లో ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లారు. అక్కడ మిషను పెద్దలు మళ్లీ అదే మాట ఎత్తారు: తెలుగు మిషను ఇక చాలిద్దాం. మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళతాను, తెలుగువాళ్ల మధ్యనే బతుకుతాను, అవసరమైతే వాళ్ల మధ్యనే చనిపోతాను అని ఆయన తేల్చిచెప్పారు. అలాగైతే మీకు క్రైస్తవ మర్యాదతో భూస్థాపన చేయడానికైనా ఒకర్ని వెంట పంపాలి కదా అని కార్యదర్శి అన్నట్టు ఆ మిషను చరిత్రలో రాసి ఉంది. అలా వెంట వచ్చినవారు జాన్ ఎవరెట్ క్లౌ. సర్వేయరు పని చేసిన యువకుడు. 1865లో ఇక్కడికి చేరి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు.

సేవకుణ్ని పంపమని అడిగిన ప్రార్థనకు జవాబు 12 ఏళ్లకు వచ్చింది. ఆ జవాబును సముద్రం దాటించి తెచ్చింది ఎవరు? అడిగిన మనిషే. జూయెట్ ఒక్కరే తన గదిలో రహస్యంగా అడిగి ఉంటే, జబ్బుపడిన రోజున దాన్ని దేవుని చిత్తానికి వదిలేసి ఊరుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఆయనతో కలిసి అడిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు. జూలియా, రూతు, నర్సు ఈ నేల మీదే ఉన్నారు. ఈ ముగ్గురికీ ముఖం చూపించవలసిన మనిషి వెనక్కి రాకుండా ఉండలేడు. ఇది నా ఊహే అనండి, నేను దాన్ని వదులుకోను.

ఆ ముగ్గురిలోని ఇద్దరు స్త్రీల గురించి ఇంకొక మాట. 1854లో మన ఊళ్లలో ఒక ఆడమనిషి నలుగురి ముందు నోరు విప్పి మాట్లాడే చోటు ఎక్కడుంది? రచ్చబండ దగ్గర లేదు. గుడి మెట్ల దగ్గర లేదు. ఆ కొండ మీద మాత్రం దొరగారు ప్రార్థన చేశాక వాళ్లూ చేశారు, వాళ్ల మాటకు దొరగారు ఆమేన్ అన్నారు. మన పల్లె సంఘాల్లో తరవాత జరిగిన పెద్ద మార్పుకు ఇది తొలి గుర్తు. సాయంకాలం కూలి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వేలాడదీసిన రైలుపట్టా ముక్క మోగగానే ప్రార్థన గుడిసెకు చేరిన ఆడవాళ్లకు అక్షరం రాదు. పంతులుగారు చెబితే పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు నోటికి నేర్చుకున్నారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు విని విని పట్టుకున్నారు. తరవాత ఒకరోజు అయ్యగారు, నువ్వు ప్రార్థన చెయ్యి అమ్మా అన్నారు. ఆమె జీవితంలో నలుగురి ఎదుట చేసిన మొదటి ప్రసంగం దేవుడితోనే. దేవుడితో మాట్లాడిన నోటిని ఆసామి ముందు ఎంతకాలం మూయించగలరు? మాల మాదిగ పల్లెల్లో చదువు, ఉద్యోగం, ఆత్మగౌరవం ఎలా వచ్చాయో రాసేవాళ్లు బడిని, ఆసుపత్రిని లెక్కలోకి తీసుకుంటారు. ఈ సాయంకాలపు ప్రార్థనను కూడా తీసుకోవాలని నా మనవి.

మళ్లీ ఒంగోలుకు వద్దాం. 1867 జనవరి 1న, కొండ మీది ప్రార్థన జరిగి సరిగ్గా 13 ఏళ్లకు, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ వెంటనే వాళ్లు ప్రార్థన వారం ఆచరించారు. జనవరి మొదటి వారాన్ని ప్రపంచమంతటా సంఘాలు ప్రార్థనకు ప్రత్యేకించడం మన దేశం నుంచే మొదలైంది. లూధియానాలోని ప్రెస్బిటీరియన్ మిషనరీలు 1858లో ఇచ్చిన పిలుపు మేరకు 1860 జనవరి నుంచి అది ఆచారమైంది. మన సంఘాల్లో పడమటి దేశాల నుంచి వచ్చినవి ఎన్నో ఉన్నాయి. ఇది మాత్రం ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లింది.

ఒంగోలు సంఘం ఏర్పడిన ఆ నెలలోనే యర్రగుంట్ల పేరయ్య పిలిస్తే క్లౌ తాళ్లకొండపాడు వెళ్లారు. పేరయ్య మాదిగవాడు, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. అంతకుముందు యోగమార్గంలో గురువుల దగ్గర సత్యం వెతికినవాడు. అతను సువార్త చెప్పిన పల్లెల నుంచి జనం రోజుల తరబడి ఉండడానికి తిండి మూటలు కట్టుకుని వచ్చారు. బోధ విన్నారు, ప్రార్థన నేర్చుకున్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. దొరగారు వెళ్లకముందే అక్కడ ప్రార్థించే గుంపు తయారై ఉంది. ఈ సంగతి మన చరిత్ర పుస్తకాల్లో సన్నగా వినిపిస్తుంది, గట్టిగా వినిపించాలి.

ఇక్కడే మొదటి పరీక్ష వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని ఒంగోలులో పై కులాలవాళ్లు చెప్పారు. వాళ్ల పిల్లలు బడిలో ఉన్నారు, వాళ్లు వస్తే ఊరంతా వస్తుందన్న ఆశ ఉంది. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ వేరొక గదిలో ఇదే భారంతో బైబిలు తెరిచారు. లోకంలో నీచులనూ బలహీనులనూ దేవుడు ఏర్పరచుకున్నాడని కొరింథు సంఘానికి పౌలు రాసిన మాటలే ఇద్దరికీ ఎదురయ్యాయి. కలుసుకుని చెప్పుకుని ఆశ్చర్యపోయారు. దాంతో ఆ సంఘం దారి ఖాయమైంది. ఒక్కరికే ఆ వాక్యం దొరికి ఉంటే అది మనసులోని మొగ్గు అనుకోవచ్చు. ఇద్దరికీ దొరికినప్పుడు తప్పించుకునే వీలు లేకపోయింది. బడి నుంచి పై కులాల పిల్లలు వెళ్లిపోతారన్న భయాన్ని మింగి వాళ్లు మాదిగల పక్షాన నిలబడ్డారు.

తరవాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసిన ఆ కరువు గురించి మన తాతముత్తాతలు చెప్పుకున్న మాటలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వినిపిస్తాయి. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. క్లౌ మూడున్నర మైళ్ల మేర గుత్తకు తీసుకున్నారు. సర్వేయరు చదువు అప్పుడు అక్కరకు వచ్చింది. బోధకులు మేస్త్రీలయ్యారు. పగలంతా మట్టి మోసిన జనం కాస్త కూర్చున్న వేళ, ప్రయాసపడి భారం మోసే సమస్తజనులను పిలిచిన యేసు మాట వాళ్లకు నేర్పారు. తలమీది మట్టి తట్ట దించి వింటున్నవాళ్లకు ఆ మాట వివరించి చెప్పే అవసరం ఏముంటుంది?

జనం బాప్తిస్మం ఇమ్మని వెంటబడ్డారు. ఇక్కడ క్లౌ చేసింది నాకు 2,222 కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆయన ఇవ్వలేదు. 15 నెలలపాటు ఎవరికీ ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట ఈ బిడ్డల మీద పడకూడదని అనుకున్నారు. ఏళ్ల తరబడి ప్రార్థించిన కోత కళ్లెదుట నిలబడితే కొడవలి తీయకుండా ఆగడం ఎంత కష్టం! సంఖ్యల కోసం ప్రార్థించినవాడైతే ఆగలేడు. మనుషుల కోసం ప్రార్థించినవాడే ఆగగలడు.

కరువు సాయం డబ్బు అయిపోయింది. కొత్తవాళ్లు ఇప్పుడు రావద్దని, సంఘస్థులతో మాత్రం మాట్లాడతానని కబురు పెట్టి వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున దిగారు. వద్దన్నా వేలమంది వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పారు. మాకు ఏమీ వద్దు, బాప్తిస్మం ఇవ్వండని వాళ్లన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున ఏట్లో నిలబడి, ఒక్కొక్కరి పేరు పిలిచి ముంచారు. మధ్యాహ్నం కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టారు. ఒక్కొక్కరి పేరు పిలిచి! మందను నీళ్లలోకి తోలలేదు, పేరున్న మనుషులను దించారు.

ఇప్పుడు గ్రంథంలోకి వెళదాం. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో సంఘం ప్రార్థించగా కూడిన చోటు కంపించిందని చదువుతాం. ఆ కంపించడం మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో! రెండు సంగతులు మాత్రం దాటిపోతాం. పేతురు, యోహాను బెదిరింపులు మోసుకుని విడుదలై వచ్చారు. సంఘం ఆ బెదిరింపులు తొలగించమని అడగలేదు, వాటి మధ్య ధైర్యంగా మాట్లాడే శక్తి అడిగింది. రెండోది, నేల కంపించిన వచనం పక్కనే ఉంది: ఎవరూ తమకున్నది తమదని అనుకోలేదట. పొలాలూ ఇళ్లూ ఉన్నవాళ్లు అమ్మి తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారట. కుప్రవాసి బర్నబా పేరు మనం మొదట వినేది అక్కడే, పొలం అమ్మిన మనిషిగా. లూకా ఈ రెంటినీ విడదీసి రాయలేదు. గది కదిలింది, వెంటనే పట్టా కాగితాలు కదిలాయి. మొదటిది జరిగిందని సాక్ష్యం చెప్పే కూడికల్లో రెండోది జరిగిందా అని ఎవరైనా అడిగితే బాగుండునని చాలాసార్లు అనిపిస్తుంది.

పన్నెండో అధ్యాయం ఇంకా లోతు. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. తరవాత పేతురును పట్టుకున్నాడు. సంఘం పేతురు కోసం అత్యాసక్తితో ప్రార్థన చేసింది. దేవదూత వచ్చి సంకెళ్లు విడిపించాడు. పేతురు వచ్చి మార్కు తల్లి మరియ ఇంటి తలుపు తట్టాడు. రోదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచి లోపలికి పరుగెత్తి చెబితే, ప్రార్థన చేస్తున్నవాళ్లు ఏమన్నారు? నీకు పిచ్చిపట్టింది అన్నారు. వాళ్ల నమ్మకం అంతంతమాత్రంగానే ఉంది, అయినా జవాబు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నీ విశ్వాసం చాలలేదు, అందుకే నీ బిడ్డ బతకలేదు అని ఏ తల్లితోనైనా అన్నవాళ్లు ఈ అధ్యాయం మోకాళ్ల మీద చదవాలి. అలాంటి మాటలు మన కూడికల్లో వినిపిస్తున్నాయి. అవి చేసే గాయం నేను చూశాను. యాకోబు కోసం ఆ సంఘం ప్రార్థించి ఉండదా? యాకోబు చనిపోయాడు, పేతురు బతికాడు. లూకా కారణం చెప్పలేదు. యాకోబును పోగొట్టుకున్న సంఘం పేతురు కోసం మళ్లీ కూడుకుందన్నది మాత్రం చెప్పాడు. శవాన్ని మోసిన భుజాలతోనే వచ్చి మళ్లీ మోకరించారు. నాకు ఆ ఇంట్లోని అద్భుతం అదే.

పౌలు రోమా సంఘాన్ని బతిమాలి రాశాడు, నాతో కలిసి ప్రార్థనలో పోరాడండి అని. యూదయలో అవిధేయుల చేతుల నుంచి తప్పించబడాలనీ, సంతోషంతో మీ దగ్గరికి రావాలనీ అడగమన్నాడు. ఆయన రోమా చేరాడు. సంకెళ్లతో, సైనికుల కావలిలో, దారిలో ఓడ పగిలి చేరాడు. అడిగినది వచ్చింది, అనుకున్న రూపంలో రాలేదు. అయితే అప్పీయా సంతపేట దాకా, మూడు సత్రాల దాకా ఎదురు నడిచి వచ్చిన సహోదరులను చూసి ఆయన దేవునికి కృతజ్ఞతలు చెప్పి ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు. ఎవరిని ప్రార్థన చేయమని కోరాడో వాళ్లే దుమ్ము దారిలో నడిచి వచ్చారు. జవాబు ఏదని పౌలును అడిగితే వాళ్లనే చూపించి ఉండేవాడేమో.

ఇక మత్తయి పద్దెనిమిదో అధ్యాయం. ఇద్దరు ముగ్గురు తన నామంలో కూడిన చోట తానుంటానని ప్రభువు ఇచ్చిన వాగ్దానం మనకు కంఠతా వచ్చు. హాజరు తక్కువైన రోజున ఆ వాగ్దానాన్ని ఓదార్పుగా చెప్పుకుంటాం. అది ఎక్కడ ఉందో చూడండి. దానికి ముందు, సహోదరుడు నీకు తప్పు చేస్తే ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఇద్దరిని తీసుకెళ్లు, ఆ తరవాత సంఘానికి చెప్పు అనే బోధ. దాని తరవాత, ఎన్నిసార్లు క్షమించాలి ప్రభువా అని పేతురు అడిగిన ప్రశ్న. తగవుకూ క్షమాపణకూ మధ్య ఆ వాగ్దానం ఉంది. ఇద్దరు ఏకీభవించడం అంటే ఒకే గదిలో కూర్చోవడం కాదని ప్రభువుకు తెలుసు. చెడిన ఇద్దరు మళ్లీ కలిసి అడగడం ఎంత కష్టమో తెలిసే ఆయన దానికి అంత పెద్ద మాట ఇచ్చాడు.

1727లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో జరిగింది దీనికి సాక్ష్యం. మొరావియా నుంచి హింసకు తాళలేక పారిపోయి వచ్చినవాళ్లు జింజెండార్ఫ్ ప్రభువు ఎస్టేటులో తలదాచుకున్నారు. ఒకే విశ్వాసం కోసం ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు అక్కడ ఒకరితో ఒకరు పడక విడిపోయే స్థితికి వచ్చారు. జింజెండార్ఫ్ ఇల్లిల్లూ తిరిగి మాట్లాడారు. ఆగస్టు 13న బెర్తెల్స్‌డార్ఫ్ గుడిలో ప్రభురాత్రి భోజన సమయంలో వాళ్ల హృదయాలు కరిగాయి, ఒకరినొకరు క్షమించుకున్నారు. ఆ నెల 27న 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటలు పంచుకుని రాత్రింబవళ్లు విజ్ఞాపన మొదలుపెట్టారు. మనం గొలుసు ప్రార్థన అంటామే, అది. నూరేళ్లకు పైగా తెగలేదు. ఐదేళ్లు తిరగకముందే 1732లో ఇద్దరు ఆ ఊరి నుంచి కరీబియన్ ద్వీపాల బానిసల దగ్గరికి సువార్తతో బయలుదేరారు. నూరేళ్ల ప్రార్థన గురించి మనం చెప్పుకుంటాం. దానికి ముందున్న ఆ రెండు వారాలు, క్షమాపణ తరవాతి ఆ రెండు వారాలు, మనకు మరింత అవసరం.

ఎందుకంటే మన సంగతి మనకు తెలుసు. ఒకే ఊళ్లో ఒకే డినామినేషన్‌కు రెండు గుళ్లు, కులాన్ని బట్టి. కమిటీ ఎన్నికలకు పోలీసు బందోబస్తు. మిషను ఆస్తుల మీద కోర్టు కేసులు. ఆ కేసుల్లో ఇరుపక్షాలూ ఉపవాస ప్రార్థనలు చేసి వాయిదాకు వెళతారు. ఇది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, చెప్పకుండా ఈ ఉపన్యాసం ముగించడమూ చేతకాదు. శబ్దం పెంచితే శక్తి పెరుగుతుందని మైకులు, స్పీకర్లు కొంటున్నాం. పక్కన కూర్చున్న సహోదరుడితో మాటలు లేవు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్న ప్రభువు ఆజ్ఞకు ఎంత శబ్దమూ ప్రత్యామ్నాయం కాలేదు.

దీనికి భిన్నంగా నడిచిన సువార్తికుడు బక్త్ సింగ్ గారిని చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. 1941లో ఆయనా మరికొందరూ పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. ఆ రాత్రి నుంచే మద్రాసులో యెహోవా షమ్మా సంఘం, తరవాత హైదరాబాదులో హెబ్రోను వచ్చాయి. పరిశుద్ధ సమావేశాల్లో వేలమంది చాపల మీద కూర్చుని ప్రార్థించారు. అవే చాపల మీద వరసగా కూర్చుని ప్రేమ విందు తిన్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ అడగలేదు. కులం ఏమిటో తెలియకుండా నీళ్లు కూడా పోయని కాలంలో, ప్రార్థించిన చాపే భోజనపు చాప కావడం సామాన్యమైన సంగతి కాదు. హెబ్రోను ప్రార్థన శక్తి గురించి అడిగేవాళ్లకు నేను ఆ పంక్తిని చూపిస్తాను.

గుడిలో పుట్టిన ప్రార్థన వీధిలోకి నడిచిన సందర్భం ఒకటి మన కాలంలోనే ఉంది. అప్పటి తూర్పు జర్మనీలో లైప్‌జిగ్ నగరంలోని సెయింట్ నికోలస్ గుడిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంకాలం సమాధానం కోసం ప్రార్థన జరిగేది. చాలాసార్లు కొద్దిమందే వచ్చేవారు. 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థన ముగిసి బయటికి వచ్చినవాళ్లతో కలిసి దాదాపు 70,000 మంది కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. సైనికులు, పోలీసులు ఆయుధాలతో సిద్ధంగా ఉన్నారు. ఒక్క తుపాకీ పేలలేదు. ఒక చేత్తో కొవ్వొత్తి పట్టుకుని, రెండో చేత్తో గాలికి అడ్డుపెట్టినవాడికి రాయి పట్టుకోవడానికి చెయ్యి మిగలదని ఆ గుడి కాపరి క్రిస్టియన్ ఫ్యూరర్ తరవాత వివరించారు. ఏడేళ్ల సోమవారాలు ఆ చేతులకు ఆ పని నేర్పాయి. ఒక్కరోజు పిలుపుకు వచ్చిన జనమే అయితే ఆ రాత్రి ఎలా ముగిసేదో!

గెత్సేమనే తోటను తలచుకోకుండా ఈ మాట పూర్తి కాదు. అంత వేదనలో ప్రభువు ముగ్గురిని వెంట తీసుకెళ్లాడు, నాతో మెలకువగా ఉండండని అడిగాడు. దేవుని కుమారుడే పక్కన ప్రార్థించే మనుషులు కావాలని కోరుకున్నాడు. వాళ్లు నిద్రపోయారు. మూడుసార్లు లేచి వచ్చి చూశాడు. ఈ సంఘంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లు, మద్యానికి బానిసైన కొడుకున్న తల్లులు, దుబాయి నుంచి కబురు ఆగిపోయిన భర్తల భార్యలు అదే అడుగుతున్నారు. వాళ్లు కోరేది మన అనర్గళమైన ప్రార్థన కాదు, మన మెలకువ.

మన అమ్మగారి పని ఇదే అనడం పొగడ్త కాదనుకుంటాను. శుక్రవారం కూడికలో ఒక పాత నోటు పుస్తకం ఉండేది. విజ్ఞాపనలు అందులో రాసేవారు. తరవాతి శుక్రవారం ఆ పుస్తకం తెరిచి, ఎవరి ఇంటికి ఎవరు వెళ్లారు, ఏం చూశారు అని అడిగేవారు. వెళ్లనివాళ్లకు ఆ రోజు ఆ విజ్ఞాపన కోసం ప్రార్థించే వంతు వచ్చేది కాదు. వెళ్లినవాళ్లే ప్రార్థించాలి. ఇది కఠినంగా ఉందని కొందరు అనేవారు. కానీ ఆ పద్ధతి వల్ల, మాటలు లేని రెండిళ్ల మధ్య మళ్లీ గుమ్మం తెరుచుకోవడం నేను ఎరుగుదును.

సంఘ పెద్దలకు నా వినతి ఒక్కటే. ఈ నిధి నుంచి ఏటా ఉపన్యాసానికి పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, అలాంటి పుస్తకం ప్రతి కుటీర కూడికకూ ఒకటి కొనండి. అందులో మూడు గడులు గీయించండి: విజ్ఞాపన ఏమిటి, ఆ ఇంటికి వెళ్లింది ఎవరు, మేము ఇచ్చింది ఏమిటి. ఎవరితో ఎవరికి మాటలు లేవో వాళ్లిద్దరి పేర్లూ ఒకే ఇంటికి వేయండి. ఇద్దరూ కలిసి వెళ్లి, ఆ ఇంట్లో కలిసి ప్రార్థించి రావాలి. పంచాయితీ పెట్టి కలపలేని వాళ్లను జబ్బు మనిషి మంచం దగ్గర నిలబెడదాం. వచ్చే శుక్రవారం స్త్రీల సమాజం కూడిక ఉంది. అక్కడి నుంచే మొదలుపెట్టమని అడుగుతున్నాను. మొదటి పుస్తకం నేను తెచ్చాను, కార్యదర్శిగారికి అందజేస్తున్నాను.